మూడు రోజుల తర్వాత

సోన్ వద్ద గోదావరి వంతెన దాటి, నిర్మల్ పట్టణం వెనకబడి, బస్సు మహబూబ్ ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే గాలి మారిపోతుంది. కరీంనగర్‌లో డిసెంబరు చలికి ఒక శాలువా చాలు. ఘాట్ మీద ఆ శాలువా ఏ మూలకూ సరిపోదు. నేరడిగొండ, ఇచ్చోడల మీదుగా ఆదిలాబాద్ వెళ్ళే ఆ దారిలో ఇరువైపులా టేకు చెట్లు, అవి పలచబడిన చోట నల్లరేగడి నేలల్లో పత్తి చేలు. ఆ దారిన మేము అనేకసార్లు వెళ్ళి ఉన్నాము. ఎక్కువగా జల్సాల్లో ప్రసంగించడానికి, కొన్నిసార్లు మదర్సా చందాల కోసం. ఈసారి వెళ్ళింది మాత్రం ఒక పిల్లవాణ్ణి వెనక్కి తీసుకురావడానికి.

ఆ అబ్బాయికి పద్నాలుగేళ్ళు. మా హిఫ్జ్ తరగతిలో 21 పారాలు కంఠస్థం చేశాడు. అర్ధ సంవత్సర పరీక్షల సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు రెండు నెలలైనా తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే, "ఉస్తాద్, గుర్రాలు ఉన్నాయి, రాలేను" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసినవాడు దాన్ని కనిపెట్టుకుని ఉండకపోతే, కట్లు తెంపుకున్న ఒంటెకన్నా వేగంగా అది మనసులోంచి జారిపోతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించిన హదీసు బుఖారీలో ఉంది. ఆ హదీసునే ముందు పెట్టుకుని, దాని చుట్టూ ఏమేమి చెప్పాలో బస్సులో కూర్చుని సిద్ధం చేసుకున్నాము. గురువారం వెళ్ళి శుక్రవారం పిల్లవాడితో తిరిగి వస్తామని మదర్సా నాజిమ్ గారికి మాట కూడా ఇచ్చాము.

ఇచ్చోడ దాటిన తర్వాత ప్రధాన రహదారి వదిలి, ఆటోలో కొంత, కాలినడకన కొంత పోవాలి. ఊరి చివర నాలుగు ఎకరాల చెలక. ఒక పక్క జొన్న, ఇంకో పక్క గడ్డి. మధ్యలో రేకుల కప్పుతో పొడవాటి గుర్రపుశాల. దాని పక్కనే మట్టిగోడల ఇల్లు. ఐదు ఆడగుర్రాలు, ఒక ముసలి మగగుర్రం, నాలుగు నెలల పిల్ల ఒకటి. ఇవి పెళ్ళిళ్ళలో వరుణ్ణి ఎక్కించుకునే గుర్రాలు. నిర్మల్, ఆదిలాబాద్, ఉట్నూరు వైపు బరాత్ కుదిరితే డీసీఎంలో ఎక్కించి తీసుకుపోతారు. మిగిలిన రోజుల్లో తింటాయి, నిలబడతాయి, లద్దె వేస్తాయి. పెళ్ళిళ్ళ కాలం ఏడాదికి కొన్ని నెలలే, మేత మాత్రం ఏడాది పొడుగునా కావాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఇక్కడివాళ్ళు నవ్వులాటకు వాడరు.

యజమాని ఆ అబ్బాయి తాతగారు. డెబ్బై దాటిన మనిషి. యౌవనంలో కరీంనగర్‌లో టాంగా తోలేవారట. మా చిన్నతనంలో బస్టాండు దగ్గర టాంగాలు వరుసగా నిలబడి ఉండేవి. అత్తర్ల వాసన, లద్దె వాసన కలిసి వచ్చే ఆ వరుసను మేము మరువలేదు. ఆటోలు వచ్చాయి, టాంగాలు పోయాయి. ఒక్కొక్కరు గుర్రం అమ్మి ఆటో కొనుక్కున్నారు. ఈయన మాత్రం గుర్రంతో పాటు అత్తవారి ఊరికి వచ్చేశారు. దేశమంతటా జరిగింది ఇదే. 2019 పశుగణన లెక్కల్లో మన దేశపు గుర్రాలు సుమారు 3 లక్షల 40 వేలు. అంతకు ముందు 2012 గణనతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి.

ఇద్దరు కొడుకులూ గల్ఫ్‌లో ఉన్నారు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల కుటుంబాలకు ఈ వాక్యాన్ని విడమరిచి చెప్పనవసరం లేదు. రెండు నెలల క్రితం పెద్దాయన శాలలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. శస్త్రచికిత్స అయింది. కర్రల సాయంతో గడప దాకా నడుస్తారు, అంతే. ఇంట్లో నానమ్మ, తల్లి, చిన్న చెల్లెలు ఉన్నారు. మగదిక్కు అని చెప్పుకోవడానికి మా విద్యార్థి ఒక్కడే. ఈ సంగతి ఫోన్‌లో ఎందుకు చెప్పలేదురా అని అడిగితే తలవంచుకున్నాడు. మేము అడగలేదన్న విషయం మాకు ఆ తర్వాత గుర్తుకొచ్చింది. ఎప్పుడొస్తావని అడిగాము గానీ ఎందుకు రాలేదని ఒక్కసారీ అడగలేదు.

సలాములు, చాయ్ అయ్యాక మేము విషయం ఎత్తబోయాము. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. "మౌలానా సాబ్, మెహమానీ మూడు రోజులు. ఆ మాట ఆ తర్వాత." మేము సెలవు లేదన్నాము. వినలేదు. లోపలి నుంచి నానమ్మగారు కూడా తెర వెనక నుంచే, "మా ఇంటి ఉప్పు తినకుండా పిల్లవాణ్ణి ఎలా అడుగుతారు?" అన్నారు. శుక్రవారం, శనివారం, ఆదివారం అలా గడిచిపోయాయి. జొన్నరొట్టె, కోడికూర, పప్పు, వేడినీళ్ళు. మాకు పడక గుర్రపుశాలను ఆనుకుని ఉన్న గదిలో. రాత్రి గోడ అవతల గుర్రం ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకునే చప్పుడు వినబడేది.

అతిథి హక్కు మూడు రోజులనీ, ఆ తర్వాత పెట్టేది దానమనీ హదీసు. అతిథేయికి ఇబ్బంది కలిగేదాకా ఉండిపోవడం అతిథికి ధర్మసమ్మతం కాదని కూడా అందులోనే ఉంది. ఈ పాఠం మేము ఎన్నేళ్ళుగానో పిల్లలకు చెబుతున్నాము. సోమవారం ఉదయం ఫజ్ర్ నమాజు కాగానే పెద్దాయన దగ్గర కూర్చుని, మూడు రోజులు అయిపోయాయి, ఇక పిల్లవాడి సంగతి చెప్పండి అన్నాము.

"తీసుకుపోండి. నేను అడ్డు చెప్పను. వాడి పని ఎవరు చేస్తారో అది మాత్రం చెప్పి తీసుకుపోండి" అన్నారు. కాసేపాగి, "ఆ పని ఎంతో మీరొకసారి చేసి చూడండి. చేసి చూసి కూడా తీసుకుపోతానంటే మీ ఇష్టం."

ఆయన వెటకారంగా అనలేదు. అయినా మాకు తగలవలసిన చోట తగిలింది. సరే అన్నాము. ఫజ్ర్ నుంచి జుహ్ర్ దాకా శాలలో పని. బదులుగా రెండు పూటలా భోజనం, ఆ గదిలో పడక. ఇక మీదట మా తిండి మెహమానీ కాదు, దానమూ కాదు, కూలి. నాజిమ్ గారికి ఫోన్ చేసి సెలవు పొడిగించుకున్నాము. కారణం వినగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. తరగతిని ఇంకో ఉస్తాద్‌కు అప్పగిస్తామన్నారు.

ఇలాంటి ఒప్పందం ఇప్పుడు ప్రపంచంలో ఒక పెద్ద ఏర్పాటుగా మారిందని పిల్లవాడే మాకు చెప్పాడు. ఇంగ్లండులో 1971లో స్యూ కోపార్డ్ అనే ఒక ఉద్యోగిని పట్నవాసులను వారాంతాల్లో పొలాలకు పంపడం మొదలుపెట్టింది. పనికి బదులు తిండి, పడక. డబ్బు ప్రసక్తి లేదు. అది వూఫ్ అన్న పేరుతో అనేక దేశాలకు వ్యాపించింది. చదువుకున్న యువతీయువకులు దూరదేశాలు వెళ్ళి గుర్రాల క్షేత్రాల్లో కూడా ఇలాగే లద్దె ఎత్తి వస్తారట. మాకు మాత్రం హజ్రత్ మూసా (అలైహిస్సలాం) గుర్తుకొచ్చారు. ఈజిప్టు నుంచి ఒంటరిగా, ఆకలితో మద్యన్ చేరి, నూతి దగ్గర ఇద్దరు ఆడపిల్లల గొర్రెలకు నీళ్ళు పెట్టి, ఆ తర్వాత వారి వృద్ధ తండ్రి దగ్గర ఎనిమిదేళ్ళు, ఇష్టమైతే పదేళ్ళు పనిచేసే ఒప్పందానికి ఒప్పుకున్న వృత్తాంతం సూరా ఖసస్‌లో ఉంది. దక్కన్ సైన్యాల్లోనూ ఒక పద్ధతి ఉండేది. సొంత గుర్రంతో వచ్చే రౌతు సిలేదార్. గుర్రం లేనివాడు ప్రభుత్వమో, సర్దారో ఇచ్చిన గుర్రం ఎక్కి కొలువు చేస్తే బార్గీర్. ఆ లెక్కన మేము ఆ ఇంట బార్గీర్లం. పారే మా ఆయుధం.

పని సంగతి చెప్పాలి. చీకటితోనే శాల ఊడవాలి. తడిసిన గడ్డి ఒకవైపు, పొడిగా ఉన్నది ఇంకోవైపు. తడి గడ్డిలో నిలబడితే గిట్టలు కుళ్ళుతాయి. తర్వాత నీళ్ళు. ఒక గుర్రం రోజుకు ముప్పై, నలభై లీటర్లు సునాయాసంగా తాగుతుంది. బోరు దగ్గర నుంచి రెండేసి బకెట్లు మోస్తూ ఉంటే రెండో రోజుకే మా భుజాలు సమ్మె చేశాయి. తర్వాత ఖరారా. జూలు దువ్వి, వీపు, కడుపు, కాళ్ళు గట్టిగా తోమాలి. చివరికి గిట్టలు. కాలు ఎత్తి మోకాళ్ళ మధ్య పెట్టుకుని, గిట్ట అడుగున ఇరుక్కున్న రాళ్ళు, లద్దె కొక్కెంతో తీయాలి. గిట్ట మధ్యలో త్రికోణంగా మెత్తని భాగం ఉంటుంది. కొక్కెం దానికి గుచ్చుకోకూడదు. లాడాలు మార్చడానికి నెలా, నెలన్నరకొకసారి నాల్‌బంద్ వస్తాడు. ఆ పని నేర్చిన కుటుంబాలు ఈ జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయని పెద్దాయన అన్నారు.

మొదటి రోజు మేము వెనకవైపు నుంచి వెళ్ళి నల్లగుర్రాన్ని తట్టబోయాము. "ఉస్తాద్!" అని పిల్లవాడు అరవడం, బకెట్టు ఎగిరి గోడకు కొట్టుకోవడం ఒకేసారి జరిగాయి. గుర్రానికి తన వెనక నేరుగా ఉన్నది కనబడదు. ముందు గొంతు వినిపించాలి, భుజం మీద చెయ్యి వేయాలి, అక్కడి నుంచి చెయ్యి తీయకుండా వెనక్కి పోవాలి. తరగతిలో వాడు తప్పు చదివితే మేము ఎంత గట్టిగా మందలించేవారమో మాకు తెలుసు. వాడు మాత్రం మమ్మల్ని మందలించలేదు. మా చెయ్యి పట్టుకుని గుర్రం భుజం మీద పెట్టాడు.

మధ్యాహ్నాలు ఉలవల్లో రాళ్ళు ఏరే పని మాకు దక్కింది. నానబెట్టి, ఉడికించి, గుగ్గిళ్ళు చేసి, తవుడుతో కలిపి తోబ్రాల్లో పెట్టాలి. ఆ పని చేస్తూ తమీమ్ దారీ (రజియల్లాహు అన్హు) గారిని తలచుకున్నాము. ఆయన స్వయంగా తన గుర్రం కోసం బార్లీ శుభ్రం చేస్తూ కూర్చుంటే, చుట్టూ ఇంతమంది ఇంటివాళ్ళు ఉండగా మీరే చేయాలా అని చూడవచ్చినవారు అడిగారు. గుర్రానికి దాణా శుభ్రం చేసి పెట్టేవాడికి ఒక్కొక్క గింజకూ పుణ్యం రాయబడుతుందని దైవప్రవక్త (స) ద్వారా విన్నానని ఆయన జవాబిచ్చారు. ముస్నద్ అహ్మద్‌లోని ఈ హదీసు మేము చదివించినదే. ఉలవరాయి పంటికింద పడితే గుర్రం ఎలా తల విదిలిస్తుందో చూసింది మాత్రం ఇక్కడే.

సాయంత్రాలు మాటలు సాగేవి. ఈ గుర్రాలు ఎక్కడివి అని అడిగితే మాలేగావ్ అన్నారు. మన సరిహద్దు అవతల నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో చలికాలంలో పెద్ద పశువుల సంత జరుగుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు కూడా వస్తాయి. పొట్టిగా, గట్టిగా ఉన్న ఆ ముసలి మగగుర్రం భీమా నది ప్రాంతపు భీమ్‌థడీ జాతిదట. ధన్‌గర్ గొర్రెల కాపరులు సామాన్లు మోయించే జాతి. ప్రభుత్వం దాన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది 2024లోనే. బీదర్‌లో మదర్సా కట్టించిన మహమూద్ గవాన్ కథ మేము పిల్లవాడికి చెప్పాము. 1453లో ఆయన మన దక్కన్‌కు వచ్చింది వర్తకుడుగా. తెచ్చిన సరుకులో అరబ్బీ గుర్రాలు కూడా ఉన్నాయి. బహమనీ సుల్తానులకు మంత్రి అయి, 1472లో ఆ మదర్సా పూర్తిచేసి, 1481లో లేనిపోని అభియోగంపై వధించబడ్డాడు. "గుర్రాలు అమ్మి మదర్సా కట్టించాడా ఉస్తాద్?" అని వాడు అడిగాడు. అలా అని చరిత్రలో లేదురా అంటే కొంచెం నిరాశపడ్డాడు.

ఒక రాత్రి పెద్దాయన, "మౌలానా సాబ్, మీరు బరాత్ మీద ప్రసంగాలు చేస్తారట గదా" అన్నారు. చేశాము. ఒకటి కాదు, పది. గుర్రాలు, బ్యాండు, టపాకాయలు, డీజే, అప్పులు చేసి ఆర్భాటాలు, నమాజు వేళలు దాటిపోవడం. అవన్నీ సున్నత్‌కు విరుద్ధమని కరీంనగర్ మసీదుల్లో గొంతు చించుకున్నాము. "మంచిదే. డీజే ఉన్న బరాత్‌కు నేను గుర్రం పంపను. ఆ చప్పుడుకు గుర్రం బెదిరి ప్రాణాలు తీసుకుంటుంది. కానీ బరాత్‌లే లేకపోతే వీటికి ఉలవలు ఎవరు పెడతారు?" అన్నారు. గుర్రం ఒకరికి పుణ్యమనీ, ఒకరికి అభిమానాన్ని కప్పి ఉంచే జీవనాధారమనీ, ప్రదర్శన కోసం పెంచేవాడికి పాపభారమనీ మూడు రకాలుగా చెప్పిన హదీసు ఆయనకు తెలుసు. "నేను రెండో రకం అనుకుంటున్నాను. నా గుర్రం ఎక్కేవాడు మూడో రకమేమో. ఆ పైసలతో నేను తింటున్నాను. నాలుగు రోజులుగా మీరూ తింటున్నారు" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ సంతృప్తికరమైనది దొరకలేదు. ప్రసంగం మానుకోవాలని మాత్రం అనుకోవడం లేదు.

గురువారం రాత్రి జరిగినదాని బాధ్యత మాది. తెల్లగుర్రం గుడిహత్నూర్ వైపు ఒక పెళ్ళికి వెళ్ళి, బాగా పొద్దుపోయి తిరిగి వచ్చింది. చెమటతో తడిసి ఉంది. చల్లబడేదాకా ఎండుగడ్డి తప్ప ఏమీ పెట్టవద్దని పిల్లవాడు చెప్పి, డీసీఎం అతనితో లెక్క చూడటానికి వెళ్ళాడు. అది మా వైపు చూసి నేలను కాలితో గీరింది. పాపం, ఎంత ఆకలో అనుకున్నాము. మరుసటి రోజుకు ఉంచిన గుగ్గిళ్ళలోంచి తోబ్రా నిండా పెట్టాము. ఆత్రంగా తిన్నది. ఎంతో మంచి పని చేసినట్టు పడుకున్నాము.

అర్ధరాత్రి గోడ అవతల ధన్‌మని చప్పుడు. లాంతరు తీసుకుని పోయేసరికి గుర్రం పడుకుని, లేచి, మళ్ళీ పడుకుని, తన కడుపు వైపే మెడ తిప్పి చూస్తోంది. పిల్లవాడు చూడగానే కడుపునొప్పి అన్నాడు. తోబ్రా అడుగున మిగిలిన ఉలవలు చూశాడు. మా వైపు చూశాడు. "నేనే పెట్టాను" అని ఏకవచనంలోనే ఒప్పుకున్నాము.

గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. పెద్ద దేహానికి జీర్ణాశయం చిన్నది. లోపల పొంగితే బయటికి పోయే దారి లేక పగిలిపోవచ్చు. పొర్లితే పేగులు మెలిపడవచ్చు. అది పొర్లకుండా నడిపిస్తూ ఉండాలి. పెద్దాయన గడపలో కూర్చుని, కర్రలు పక్కన పెట్టి, మండల కేంద్రంలోని పశువైద్యుడికి ఫోన్ చేశారు. ఆయన వస్తానన్నారు, గంటన్నర పడుతుందన్నారు. ఆ గుర్రం పోతే ఆ ఇంటి సంవత్సర సంపాదనలో ఎంత పోతుందో ఎవరూ మాకు చెప్పలేదు. అవసరం కూడా లేకపోయింది.

పిల్లవాడు పగ్గం పట్టుకుని చెలక చుట్టూ నడిపించసాగాడు. మేము లాంతరుతో వెంట నడిచాము. మంచు కురుస్తోంది. నాలుగు అడుగులు వేసేసరికి వాడు నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాడు. పద్నాలుగో పారా. ప్రతి రాత్రి శాలలో పడుకునే ముందు ఒక పారా చదువుకుంటానని, ఆ రోజు వంతు మిగిలిపోయిందని తర్వాత చెప్పాడు. సూరా హిజ్ర్ అయ్యి సూరా నహ్ల్ వచ్చింది. గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదల ప్రస్తావన ఉన్న చోట గొంతు కొంచెం ఆగింది, మళ్ళీ సాగింది. ఒక రెండు ఆయతుల దగ్గర, ఒకేలా మొదలయ్యే వాటిలో, వాడు ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి జారాడు. అక్కడ హాఫిజ్‌లందరూ జారతారు. మేము లుఖ్మా ఇచ్చాము. మరచినచోట అందించే మాటను మనం లుఖ్మా అంటాము, ముద్ద అన్నా అదే మాట. వాడు అందుకుని ముందుకు పోయాడు. పారా మొత్తంలో అది ఒక్కటే తప్పు. రెండు నెలలుగా మదర్సాలో ఉన్నవాళ్ళలో ఎంతమంది అలా వినిపించగలరో ఆ చీకట్లో లెక్కవేసుకోబోయి మానేశాము. బస్సులో సిద్ధం చేసుకున్న ప్రసంగం ఎక్కడ పోయిందో తెలియదు.

వైద్యుడు వచ్చారు. ముక్కు ద్వారా గొట్టం పొట్టలోకి దించి, పారాఫిన్ నూనె పోసి, నొప్పికి సూది వేశారు. "తెల్లవారేలోపు లద్దె వేస్తే బతికినట్టే" అన్నారు. మళ్ళీ నడక. ఈసారి పగ్గం మేము తీసుకున్నాము. ఫజ్ర్‌కు కొంచెం ముందు గుర్రం ఆగి, తోక ఎత్తి, లద్దె వేసింది. పిల్లవాడు "అల్‌హందులిల్లాహ్" అని గట్టిగా అరిచి, తన చొక్కా చేతితో దాని ముఖం తుడిచాడు. దైవప్రవక్త (స) తమ గుర్రం ముఖాన్ని తమ వస్త్రంతో తుడిచారనీ, ఎందుకని అడిగితే గుర్రాల విషయమై రాత్రి తమను మందలించడం జరిగిందన్నారనీ మువత్తాలో ఉంది. వాడు ఆ హదీసు ఇంకా చదవలేదు. మేము మా శాలువా తీసి గుర్రం వీపు మీద కప్పాము.

ఉదయం పెద్దాయన మమ్మల్ని ఏమీ అనలేదు. "మౌలానా సాబ్, ఇప్పుడు చెప్పండి" అన్నారు, అంతే. మేము పిల్లవాణ్ణి ఇప్పుడు తీసుకుపోమన్నాము. రంజాను తర్వాత వాడి బాబాయి సెలవు మీద వస్తున్నాడు. అప్పుడు చూద్దామనుకున్నాము. అప్పటిదాకా రోజూ ఇషా తర్వాత ఫోన్‌లో ఒక పారా వినిపించాలి. కొత్త పాఠం ఇరవై రెండో పారా నుంచి రోజుకు అరపేజీ. వైద్యుడి ఫీజు మేమే ఇస్తామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. కూలివాడి చేత నష్టం కట్టించే ఇల్లు కాదన్నారు. చాలాసేపు వాదించి సగం ఇచ్చాము.

ఆదివారం దాకా పనిచేసి బయలుదేరాము. వెళ్ళేటప్పుడు అరిగిపోయిన లాడం ఒకటి తెచ్చి, గుమ్మానికి కొట్టుకుంటారా అని చెల్లెలు అడిగింది. గుమ్మానికి లాడం అదృష్టం తెస్తుందన్న నమ్మకం మన విశ్వాసానికి సరిపడదమ్మా అని చెప్పి, కాగితాల మీద బరువు పెట్టుకోవడానికి తీసుకున్నాము. ఇప్పుడు మా బల్ల మీద హాజరు పట్టీ పైన ఉంది. ఆ పట్టీలో వాడి పేరు కొట్టివేయలేదు. నాజిమ్ గారు రెండుసార్లు అడిగారు.

ఫోన్ రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది. మొన్న వాడు సూరా అహ్‌జాబ్ వినిపిస్తూ మధ్యలో ఆగాడు. మరచిపోయావా, లుఖ్మా ఇవ్వమంటావా అని అడిగాము. "కాదు ఉస్తాద్, ఒక్క నిమిషం. తెల్లగుర్రం నీళ్ళ బకెట్టు తన్నేసింది" అన్నాడు. ఫోన్ ఎక్కడో గట్టు మీద పెట్టిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. మేము ఆగిన ఆయత్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాము.